అక్క అడిగిన చక్రాలు

తమిళ సీమలోని పీలమేడులో మా ప్యాటర్న్ షాపు పన్నెండడుగుల వెడల్పున్న రేకుల షెడ్డు. పంపుసెట్టు భాగాన్ని ఇనుముతో పోత పోయాలంటే ముందు దాన్ని చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క రూపాన్నే ప్యాటర్న్ అంటారు. ఫౌండ్రీవాళ్ళు దాన్ని ఇసుకలో ఒత్తి, బయటికి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. మా నాయన బతికినన్నాళ్ళూ ఈ పనే చేశాడు. మా ఇంట్లో ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఇద్దరమే, మా అక్కా నేనూ.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళయిన నాలుగేళ్ళకు బావ పోతే పసిబిడ్డను ఎత్తుకుని మా వీధికే వచ్చేసింది. మొదట్లో నాయనకు మధ్యాహ్నం అన్నం తెచ్చి, ఆయన తిని లేచేదాకా ఊరికే కూర్చోలేక రంపపు పొట్టు ఊడ్చేది. తర్వాత తర్వాత ప్యాటర్న్‌లకు రంగు పూసేది. ఒకరోజు నాయన ఆమెను చెక్కను గిరగిరా తిప్పే లేత్ మిషను ముందు నిలబెట్టి చేతికి ఉలి ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి గుండ్రని పనంతా ఆమెదే అయింది. చెక్కను వేలి కొసతో ఒకసారి తడిమి, ఎక్కడ అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎత్తుందో చెప్పేసేది. నేను కొలిచి చూసి, ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకునేవాణ్ణి. ఆ ఒప్పుకోవడం కూడా లోలోపలే. పైకి ఎన్నడూ అనలేదు.

నాయన పోయాక షాపు నా చేతికి వచ్చింది. ఎవరూ కూర్చుని తీర్మానించింది కాదు. ఫౌండ్రీ నుంచి వచ్చినవాళ్ళు నన్నే ఓనర్ అన్నారు, నేను తల ఊపాను. అక్క లేత్ దగ్గరే ఉండిపోయింది.

మాకున్న ఇబ్బందల్లా చోటు. లేత్, బ్యాండ్‌సా అనే నిలువు రంపపు మిషను, చెక్కను చదును చేసే ప్లేనర్, మూడూ గోడవారగా ఇరుక్కుని ఉండేవి. పొడుగు పలక కొయ్యాలంటే బ్యాండ్‌సాను నడిమికి లాగాలి. పనయ్యాక మళ్ళీ వెనక్కి నెట్టాలి, లేకపోతే లేత్ దగ్గర మనిషి నిలబడే చోటుండదు. అన్నీ పాతకాలపు పోత ఇనుము మిషన్లు. నేను గడ్డపారతో ఒక మూల లేపితే, అక్క ఒంగి కిందకు ఇనుప పైపు దూర్చేది. రెండు పైపులు పడ్డాక ఇద్దరం భుజాలు ఆనించి దొర్లించేవాళ్ళం. వారంలో మూడు నాలుగుసార్లు ఇదే తంతు.

చక్రాల మాట మొదట ఎత్తింది అక్కే. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. కూతురి కాన్పుకు ఆస్పత్రిలో నాలుగు రోజులుండి, తిరిగి పనిలోకి వచ్చిన పొద్దున పైపు దూర్చబోతూ ఆగింది.

"ఏమిరా, వీటికి చక్రాలు వెయ్యకూడదా? ఆస్పత్రి మంచం చూస్తిని. ఒక్క నర్సమ్మ ఒక్క చేత్తో తోసుకోని పోతాది."

"మంచం వేరే, మిషను వేరే అక్కా. లేత్ కొంజం ఆడినా పనంతా పాడైపోతాది."

"పని చేసేటప్పుడు బిగించేది, తోసేటప్పుడు వదిలేది. అంతే కదా?"

"నాయన ఉండేటప్పుడు యాడన్నా చక్రాలు ఉండినాయా?"

"నాయనకి పనికి నలుగురు ఆళ్ళు ఉండిరి. మనకి ఎవరుండారు, చెప్పు?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. "అదంతా నాకి తెలుసులే, నువ్వు లేత్ చూడు" అన్నాను. ఆమె ఒంగి పైపు దూర్చింది.

అక్క అంతటితో వదల్లేదు. ఒకరోజు పాత ఇనుము కొట్టుకు వెళ్ళి నాలుగు చక్రాలు ఏరి, చీర కొంగుతో తుడిచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అవి చిన్నవి, మా మిషన్ల బరువు తాళవు అన్నాను. నేనన్నది అబద్ధం కాదు. కానీ చిన్నవైతే పెద్దవి వెతకాలి కదా. నేను ఆ నాలుగింటినీ వీధి చివర సుండల్ గుగ్గిళ్ళు అమ్మే అతని బండికి ఇచ్చేశాను. వారం తర్వాత అక్క ఆ బండిని చూసి, "నా చక్రాలు బాగానే తిరుగుతాయే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ తర్వాత ఆమె చక్రాల మాట ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

అది వానాకాలపు ఐప్పసి నెల, ముసురు పట్టిన పొద్దున. రేకు కంతలోంచి నీళ్ళు సరిగ్గా బ్యాండ్‌సా మోటారు మీద పడుతున్నాయి. దాన్ని వెంటనే జరపాలి.

"పక్క షాపోళ్ళు టీ తాగను పోయిండారు. వచ్చేస్తారు, కొంజం ఉండు. ఇద్దరుగా ముడియదు, మన చేత కాదు" అంది అక్క.

"అంతలోపల మోటారు కాలిపోతాది. దా, మనమే తోసేద్దాం."

మోటారు కాలిపోయేది కాదు. స్విచ్ ఆపేసి పైన ఒక గోనె కప్పితే సరిపోయేది. ఆ క్షణాన నాకు అది తట్టలేదు.

నేల మీద తడిసిన పొట్టు ఉంది. మిషను రెండు పైపుల మీదికి ఎక్కాక ఒక పైపు జర్రున జారింది. బ్యాండ్‌సాకు బరువంతా తలలోనే ఉంటుంది. అది అక్క వైపు ఒరిగింది. ఆమె పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోకుండా కుడి భుజం, మెడ దాని కింద పెట్టి ఆపింది. నేను గడ్డపార దూర్చి, అటువైపు బలంగా మోపి నిలబెట్టేసరికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మిషను నిలబడింది. అక్క అలాగే గోడకు జారి నేల మీద కూర్చుంది.

నేను ముందు మిషను తలుపు తీసి చూశాను. లోపల బ్లేడును తిప్పే చక్రం వంగలేదు, బ్లేడు తెగలేదు. అదంతా చూసుకున్నాకే అక్క వైపు తిరిగాను. ఆమె ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఉంది.

"వేళ్ళు ఉండేదే తెలియలేదురా" అంది.

మెడ దగ్గర నరం నలిగిందన్నాడు డాక్టరు. కట్టు, మందులు, కసరత్తు, మూడు నెలలు నడిచింది. నొప్పి తగ్గింది గానీ పట్టు రాలేదు. కాఫీ గ్లాసు పట్టుకోగలదు, కూర కలపగలదు. తిరుగుతున్న చెక్కకు ఎదురుగా ఉలిని బిగించి పట్టుకోలేదు. పట్టు కాస్త సడలినా ఉలి ఎగిరి ముఖానికి తగులుతుంది. ఇక లేత్ పని వద్దని డాక్టరు తమిళంలో నెమ్మదిగా చెబుతుంటే, అక్క ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్‌ను ఎడమ చేత్తో తిప్పుతూ వింది.

అప్పుడు వేశాను చక్రాలు.

పక్క వెల్డింగ్ షాపు నుంచి యాంగిల్ ఇనుము తెచ్చి, మిషను అడుగుకు సరిపోయేలా చట్రం కట్టాను. చక్రాలు మిషను కింద పెడితే ఎత్తు పెరిగి పనిచేసేవాళ్ళ భుజాలు నొస్తాయి కాబట్టి చట్రం బయట మూలలకు బిగించాను. మిషను నేల నుంచి అరంగుళమే లేచింది. వెనుక రెండు నేరుగా పోయే చక్రాలు, ముందు రెండు ఎటైనా తిరిగే చక్రాలు. ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం గాల్లో ఉండిపోతుంది, బరువు మూడింటి మీదే పడుతుంది. అందుకని ఆ లెక్కన బలమైనవి తెప్పించాను. నాలుగు మూలలా మరలున్న కాళ్ళు పెట్టాను. మరలు దింపితే చక్రాలు పైకి లేచి మిషను కదలకుండా కూర్చుంటుంది. పని చేసేటప్పుడు బిగించేది, తోసేటప్పుడు వదిలేది. అక్క చెప్పింది చెప్పినట్టే.

అక్కను పిలుచుకొచ్చాను. ఆమె బ్యాండ్‌సా ముందు నిలబడి, ఎడమ అరచేయి ఆనించి తోసింది. అది నడిమిదాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ వెనక్కి తోసింది.

"ఎన్ని దినాలు పట్టె?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలనిపించింది. "ఒక్కోదానికి రెండు దినాలు అక్కా."

"రెండే దినాలా?"

"రెండే."

ఆమె స్టూలు మీద కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడు మాసి నెలలో కారమడై రంగనాథస్వామి తేరుకు ఇద్దరం బస్సులో వెళ్ళాం. పక్కపక్కన కూర్చున్నాం కాబట్టి ఆమె ముఖం చూడకుండా మాట్లాడటానికి వీలైంది. "తప్పంతా నాదే అక్కా. నువ్వు చెప్పినప్పుడే చక్రాలు వేసి ఉంటే..." అన్నాను.

"చక్రాల సంగతి వదిలేయ్" అంది. "ఆ దినం నేను కింద కూచోని ఉంటిని. నువ్వు ముందర మిషన్‌ని చూస్తివి. అప్పురమే నన్ను చూస్తివి."

ఆమె గమనించలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఏదో చెప్పబోయాను.

"వేండాంరా. ఏమీ చెప్పద్దు. కోవిల్‌కి పోయేటప్పుడు మనసు చెడగొట్టద్దు."

గుడి దగ్గర దిగాక నా చెయ్యి పట్టుకునే గుంపులో నడిచింది. కుడి చేత్తో పట్టుకుంది. ఆ పట్టులో ఎంత తక్కువ బలం మిగిలిందో నాకు తెలిసింది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. మా వీధిలో చిన్న షాపులు చాలా ఉన్నాయి. ఎక్కడైనా ఇద్దరు మనుషులు గడ్డపారతో మిషను లేపుతుంటే నేనే వెళ్ళి, చట్రం కొలత తీసుకోనా అని అడుగుతాను. కొందరు సరే అంటారు. కొందరు నేను అక్కతో అన్న మాటలే నాతో అంటారు. వాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళతాను.

అక్క రోజూ పదింటికి షాపుకొస్తుంది. డ్రాయింగ్ చదివి, ఎడమ చేత్తో చెక్క మీద గీతలు గీసి ఇస్తుంది. లేత్ దగ్గర నేను నిలబడతాను. మొన్న ఫౌండ్రీ నుంచి వచ్చినాయన నేను తిప్పిన ప్యాటర్న్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు చేసే మనిషి ఇప్పుడు లేరా?" అని తమిళంలో అడిగాడు.

"ఇక్కడే ఉన్నారు" అని అక్కను చూపించాను. "ఆమె మాట నేను వినలేదు. అందుకే చెయ్యి పోయింది" అన్నాను. పరాయి మనిషి ముందు ఆ మాట అనడం అదే మొదలు.

ఆయన ప్యాటర్న్‌ను బల్ల మీద పెట్టాడు. అక్క లేచి వచ్చి, ప్యాటర్న్ లోపలి వంపును ఎడమ చేతి వేలితో తడిమింది.

"ఇక్కడ ఎక్కువ తీసేస్తివి. ఇది పనికి రాదు, వేరేది చెయ్యి" అంది.

నేను కొత్త చెక్క తెచ్చి లేత్‌కు బిగించాను.