గడప బయట నిలబడి చేసిన డెమో

ఆ రోజుల్లో పాతబస్తీలో వాషింగ్ మిషన్ కొనడం ఒక ఎత్తు, కొన్నదాన్ని నమ్మడం ఒక ఎత్తు. మధ్యలో గిరగిరా తిరిగే స్తంభం లేని, పైమూత కొత్త రకం మిషన్లు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్నాయి. బట్టల బరువెంతో తనే చూసుకుని, దానికి సరిపడా నీళ్లు తనే పట్టుకునేది ఆ మిషన్. ఆ నీళ్లు కూడా బట్టలు తడిసి ఇంకాస్త మిగిలేటన్నే. మూత తెరిచి చూస్తే నీళ్లు కనపడవు. నీళ్లు కనపడకుండా మురికి ఎట్లా పోతుందన్నది మా కస్టమర్లందరి ప్రశ్న, దానికి జవాబు చెప్పడం నా మొదటి ఉద్యోగం. పత్తర్‌గట్టిలో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో నన్ను డెమో పిల్లగా పెట్టుకున్నారు. (జల్‌పల్లిలో మా ఇంట్లో అప్పటికి మిషన్ లేదు. బాత్రూం పక్కన ఒక బండ, ఆ బండ ముందు మా అమ్మ. ఈ సంగతి దుకాణంలో ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.)

చెప్పాల్సిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని బస్సులో బట్టీ పట్టేదాన్ని. "ఇందులో బట్టలు ఒకదానికొకటి రాసుకుని మురికి వదులుతాయండీ. నీళ్లు తక్కువ, పౌడర్ తక్కువ, ఇంటిల్లిపాది బట్టలు ఒక్కసారికే అయిపోతాయండీ." ఈ చివరి వాక్యం నాకు మహా ఇష్టం. అది చెప్పేటప్పుడు చేయి కూడా గుండ్రంగా తిప్పేదాన్ని. ఇంట్లో అద్దం ముందు ఒకసారి అలా తిప్పుతుంటే మా అమ్మ చూసి, "నీ చేతి రుమాలు నువ్వెప్పుడు ఉతుక్కుంటివే, ఊరోళ్లకు చెప్పపోతున్నవ్" అంది. ఉద్యోగం చేసే కూతురితో మాట్లాడే పద్ధతి కాదని నేను రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను.

మా దుకాణం యజమానిని మేమందరం ఠండా సేఠ్ అనేవాళ్లం. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి, అదే మాకు భయం. నన్ను మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తానన్నాడు. మా నాన్నకు పని సరిగ్గా దొరకని రోజులవి. ఈ ఉద్యోగం నిలిస్తే మా తమ్ముడు చదువు మానక్కర్లేదని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, రోజూ నేను బయల్దేరేటప్పుడు అందరూ గుమ్మం దాకా వచ్చేవాళ్లు.

రెండు నెలలు బాగానే గడిచాయి. అప్పుడు వచ్చింది అయ్యగారింటి ఫోన్. పాతబస్తీలోనే తరతరాలుగా ఒక గుడిలో పూజ చేసే అయ్యగారి ఇల్లు అది. అయ్యగారి భార్య అయ్యగారమ్మకు మోకాళ్ల నొప్పులు పట్టి, కూర్చుని బట్టలుతకడం కష్టమైందని కొడుకు మా దగ్గర మిషన్ కొన్నాడు. బిగించిన రోజు డెమో ఇచ్చింది నేనే. వారం తిరగకముందే ఆ ఇంటి కోడలు ఫోన్ చేసి, బట్టలు శుభ్రం కావట్లేదు, మనిషిని పంపండి అంది.

నేను వెళ్లేసరికి అయ్యగారమ్మ బట్టలు వేసి, మూత పెట్టి, వెనక వరండాలో మిషన్ పక్కన సిద్ధంగా నిలబడి ఉంది. నేను చెప్పులు విడిచి లోపలికి పోబోతే, "ఆడనే ఆగు బిడ్డా, మడి బట్టలున్నయి" అంది. ఇందులో నన్ను ఒక్కదాన్నే ఆపిందేమీ లేదు. మడి మీద ఉన్నప్పుడు కన్న కొడుకైనా ఆ గడప దాటకూడదు. సరే, నేను గడప బయట నిలబడి, అక్కడి నుంచే ఏ బటన్ నొక్కాలో చెప్పాను. ఆమె నొక్కింది. "దీంట్ల నీళ్లెక్కడున్నయే? తడిగుడ్డతోని ఒళ్లు తుడుసుకుని తానం చేసిన అన్నట్టున్నది" అంది. నేను నా కాగితం మాటలన్నీ అప్పజెప్పి, పౌడర్ ఎక్కువ వేస్తున్నారేమో తగ్గించమని చెప్పి వచ్చేశాను. నాలుగు రోజులకు మళ్లీ కోడలి ఫోన్. ఈసారి బట్టలు ఎక్కువ వేస్తున్నారేమో చూసుకోమని చెప్పి వచ్చాను, అదీ గడప బయట నుంచే. వైద్యుడు వీధిలో నిలబడి నాడి చూసినట్టుందని నాకు అప్పుడు తోచలేదు.

ఇంకో రెండు వారాలకు కోడలి మూడో ఫోన్ వచ్చాక ఠండా సేఠ్ నన్ను పిలిచాడు. చాయ్ తాగుతూ ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు: "బేటా, ఆ అయ్యగారమ్మ మిషన్ వాపస్ తీసుకపోకుంటే అన్నం తిననంటున్నదంట. నువ్వు పో, ధోబీ లెక్క కూసో, బట్టలు బయటికి వచ్చేదాక లేవకు. మిషన్ దుకాణానికి వాపస్ వస్తే, నువ్వు ఇంటికి వాపస్ పోతవ్. ఫికర్ చెయ్యకు, పో." ఈ ఫికర్ చెయ్యకు అన్నది ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం దారి పొడుగునా ఆ దిగులే పడ్డాను.

ఆ రోజూ మామూలే. బట్టలు లోపల, మూత పైన, నేను గడప బయట. కోడలు వంటింట్లో ఉంది. మిషన్ మొదలయ్యాక అయ్యగారమ్మ దేవుడి గదిలో దీపం చూసొస్తానని వెళ్లింది. అరగంట బుద్ధిగా తిరిగిన మిషన్, నీళ్లు వదిలేసి బట్టలు పిండే దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా దబదబా కొట్టుకుంది. ఊగింది, షాబాదు బండల మీద జానెడు ముందుకు జరిగింది, ఆగిపోయి కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. నాకు కళ్ల ముందు సేఠ్ చాయ్ కప్పు కనిపించింది. మడి గుర్తు రాలేదు, గడప గుర్తు రాలేదు, ఒక్క పరుగున వెళ్లి మూత ఎత్తాను.

లోపల బట్టలు లేవు. మూటలున్నాయి. ఐదు మూటలు, ఒక్కోటి ఒక్కో పాత తువ్వాలులో గట్టిగా ముడివేసి, అన్నీ ఒక పక్కకు చేరి కూర్చున్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుండగా వెనక నుంచి, "ఏంది బిడ్డా, లోపలికొస్తివి" అన్న మాట వినపడింది.

"అమ్మా, ఇవి మూటలెందుకు కట్టిండ్రు?"

"మరి కట్టకపోతే ఎట్ల? దేవుని వస్త్రాలు, అయ్యగారు గుడికి కట్టుకపోయే పంచెలు, నా మడి చీరె, కొడుకు ప్యాంట్లు, కోడలు నైటీలు, అన్నీ ఒక్కదాంట్ల కలిసిపోతయి గదా. ఇదివరకు ఐదు బొక్కెనలు పెట్టుకునేదాన్ని. దీనికేమో ఒక్కటే తొట్టి ఉండె."

(అదే నీళ్లు అన్ని మూటల్లోకీ పోతాయి కదమ్మా, నీళ్లకు ముడి అడ్డమా అని అడగాలనిపించింది. బుద్ధి తక్కువదాన్నే గానీ, అంత తక్కువదాన్ని కాను.) "ఒక్కోరివి ఒక్కోసారి విడిగా వెయ్యాలమ్మా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే చెప్పినవ్ గదనే, ఇంటిల్లిపాది బట్టలు ఒక్కసారికే అయితయని. చెయ్యి గూడ ఇట్ల తిప్పినవ్" అని, అచ్చం నాలాగే చేయి గుండ్రంగా తిప్పి చూపించింది.

మడి ఎట్లాగూ చెడింది, మళ్లీ తడపాల్సినవే కదా అని పంచెల మూట విప్పాను. పైన తడి, లోపల మధ్యలో ఉన్న పంచె పొడిపొడిగా ఉంది. బట్ట బట్టతో రాసుకుంటేనే ఆ మిషన్ ఉతుకుతుంది. మూటలో ఉన్న బట్టకు కదిలే సందేది? అయ్యగారమ్మ ఆ పొడి పంచెను వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో మారిన రంగు చూస్తే నేను నా ఉద్యోగం సంగతి కాసేపు మరిచేపోయాను. "పొడిగుంటే మిషనే పిండి ఆరబెట్టిందనుకుంటి. నెల రోజుల సంది ఇల్లు పీకి పందిరేసిన. ఈ డబ్బా దండుగ అన్న, కొన్న కొడుకును తిట్టిన, అయ్యగారితోని మాట్లాడుడు బంద్ చేసిన. ఇప్పుడు ముడులు నేనే కట్టిన అని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలె?" అంది. తర్వాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించి, "కోడలు పిల్ల నవ్వుతది" అంది.

అంత పెద్దావిడ, నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడింది. నాకు జాలేసింది. "మీ తప్పు కాదమ్మా, నేనే సరిగ్గ చెప్పలే. సెట్టింగ్ తప్పు చెప్పిన అని చెప్త" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, ఆ మాట సేఠ్ దగ్గర కూడా చెప్పాల్సి వస్తుందని.

ముడులన్నీ విప్పి, ముందు దేవుడి వస్త్రాలు, పంచెలు వదులుగా వేసి మళ్లీ తిప్పాం. దీపం నూనె మరకల మీద మాత్రం ముందుగా కాస్త సబ్బు రుద్దించాను. బట్టలు బయటికి వచ్చాక అయ్యగారమ్మ ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసింది, వాసన చూసింది, అంచులు నలిపి చూసింది. చెమట వాసన లేదు, నూనె జిడ్డు లేదు, తెల్లదనం వచ్చింది. "పసుపు పోలే" అంది చివరికి. "పసుపు ఎండకు పోతదమ్మా" అన్నాను. "అది నాకు తెల్వదా" అంది గానీ, గొంతులో పాత బలం వచ్చేసింది.

ఆ బలం ఎంత వచ్చిందో మధ్యాహ్నం అందరూ చేరాక తెలిసింది. గుడి నుంచి వచ్చిన అయ్యగారు, కొడుకు, కోడలు వింటుండగా ఆమె నన్ను నిలబెట్టి పావుగంట సేపు చీవాట్లు పెట్టింది. "మోకాళ్లు నొస్తయని కొనుక్కుంటే ఈ పిల్ల ఏదో తప్పు సెట్టింగ్ చెప్పిపాయె. నెల రోజులు నన్ను గోస పెట్టె. పనిల ధ్యాస ఉండాలె బిడ్డా." నేను ఒప్పుకున్న అబద్ధమే అయినా, ఆమె అంత మనసు పెట్టి తిడుతుంటే నిజంగానే నేనే ముడులు కట్టానేమోనని నాకే అనుమానం వచ్చింది. తల వంచుకుని విన్నాను. ఆఖరున పులిహోర పెట్టింది, రెండోసారి అడగకుండానే వడ్డించింది.

సేఠ్ దగ్గరికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. "మిషన్ మంచిగుంది. నేనే చెప్పుడు తప్పు చెప్పిన" అన్నాను. మూటల సంగతి చెప్పలేదు. ఆయన కప్పు కింద పెట్టాడు. "మిషన్ వాపస్ రాలే గదా" అన్నాడు. రాలేదన్నాను. "ఇంకో నెల చూస్త. ముందు బట్టలెట్ల వేస్తరో అడుగు, ఆ తర్వాత నీ భాషణ్ ఇయ్యి." ఆ నెల గడిచింది, ఉద్యోగం నిలిచింది. తమ్ముడు చదువుకున్నాడు. అయ్యగారి వీధిలో మాత్రం నేను తప్పు సెట్టింగ్ చెప్పిన పిల్లగా చాలా ఏళ్లు ప్రసిద్ధి. కొత్తగా చేరిన డెమో పిల్లలకు ఈ కథ చెప్పి, కస్టమర్ పరువు కోసం నేను చేసిన త్యాగం దగ్గర కాసేపు ఆగేదాన్ని.

ఈ మధ్య దుకాణానికి ఆ కోడలు వచ్చింది, కొత్త మిషన్ కోసం. ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరిసింది. అత్తగారు పోయి రెండేళ్లయిందట, చివరిదాకా పంచెలు వదులుగానే వేసేదట. ఆ మాట వింటూనే నేను ఆగలేక, ఇన్నాళ్లూ దాచిన మూటల సంగతి చెప్పేశాను. ఆమె నవ్వింది.

"ఆ మూటలు నేను మొదటి రోజే చూసిన. నేను చెప్తే కోడలు తప్పు పట్టినట్టయితది. నువ్వు చెప్తే మిషనోళ్లు చెప్పినట్టయితది. అందుకే ఫోను మీద ఫోను చేసిన. నువ్వేమో గడప దాటకపోతివి."

అంటే నా ఉద్యోగం మీదికి వచ్చిన ఆ మూడు ఫోన్లూ, ఒక్కసారి మూత ఎత్తి చూడమ్మా అని నన్ను బతిమాలుకోవడమేనన్నమాట. నేను కాపాడాననుకున్న పరువును, నాకంటే ముందే ఆ ఇంట్లో ఒకరు నోరెత్తకుండా కాపాడుతూ ఉన్నారు. నా త్యాగం ముక్కను ఆ రోజు నుంచి కథలోంచి తీసేశాను. ఇప్పుడు ఆ గడప బయట నిలబడి, చేయి గుండ్రంగా తిప్పుతూ, నీళ్ల గురించి ఉపన్యాసం ఇస్తున్న ఆ బక్కపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. వెనక నుంచి భుజం మీద చేయి వేసి, లోపలికి పోవే, నీ కోసమే చూస్తున్నారు అని మెల్లగా నెట్టాలనిపిస్తుంది.