లేవి కలగదు

వరమ్మ గురించి ఎవరిని అడిగినా మా ఊళ్ళో మొదట వచ్చే మాట, ఆమెకు కుళ్ళు ఎక్కువని. ఎక్కువే, కాదనను. అయితే ఆ మాట అనేవాళ్ళలో కుళ్ళు లేని మనిషి ఒక్కరూ నాకింతవరకు కనబడలేదు. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే మట్టిగోడ. అటు దగ్గితే ఇటు వినబడేది. నేను వరమ్మ పక్షమని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిసిన రోజుల మాట ఇది. మా పేటలో ఉన్న కొద్ది ఇళ్ళవాళ్ళమంతా శనివారం పాటించే క్రైస్తవులం. తక్కిన క్రైస్తవులు ఆదివారం గుడికి పోయేవారు, మేము శనివారం పోయేవాళ్ళం. అందుకని మాకు శనివారపోళ్ళు అని పేరు పడింది. పూర్వం యూదులు శనివారం ఒకచోట కూడి వాక్యం చదువుకునేవారనీ, ఆ చోటును సమాజమందిరం అంటారనీ మా పెద్దలకు మొదట బోధ చేసినాయన చెప్పి పోయాడు. ఇక మావాళ్ళు పట్టిన పట్టు విడవలేదు. మట్టిగోడల మీద గడ్డి కప్పిన మా కొట్టాన్ని ఎవరైనా చర్చి అంటే కొట్లాటకు పోయేవారు. మాకు పనులిచ్చే రైతు దేవేంద్రప్పకు మాత్రం ఈ శనివారం గొంతులో ముల్లు.

"ఏమప్పా, మీ దేవునికి కలుపు తీసే దినమే దొరికిందా? ఇంగో దినం చూసుకోమని చెప్పండప్పా" అని ప్రతి వారం అడిగేవాడు. మావాళ్ళు ప్రతి వారం నవ్వేసి ఊరుకునేవారు.

శుక్రవారం పొద్దు గూకడంతో మా విశ్రాంతి దినం మొదలవుతుంది. అప్పటి నుంచి శనివారం పొద్దు గూకేదాకా ఏ ఇంట్లోనూ నిప్పు రాజేయకూడదు. పేటలో గడియారం లేదు కాబట్టి మందిరం గూట్లో ఒక పెద్ద ఆముదం దీపం వెలిగించేవారు. ఆ దీపం కనబడితే చాలు, ఆడవాళ్ళు పొయ్యిలో నీళ్ళు చల్లేయాలి. పెనం మీద రొట్టె సగం కాలినా సరే, దించేయాల్సిందే. కనుక దీపం ముట్టించే మనిషి అంటే మా పేటలో చిన్నపాటి తహసీల్దారు.

ఆ మనిషి వరమ్మ.

దీపం ఆమె చేతికి మామ వల్ల వచ్చింది. ఆయన పేరు లేవి. లేఖనంలో లేవి వంశంవాళ్ళే దేవుని మందిరం పని చూసేవారని విన్నప్పటి నుంచి ముసలాయన మందిరం ఊడవడం, అలకడం, దీపం పెట్టడం అంతా తన ఇంటి హక్కు చేసుకున్నాడు. పెద్దకొడుకు దాసన్నకు పెళ్ళయి కోడలు వచ్చిన మొదటి శుక్రవారమే ఆమెను పిలిచి అగ్గిపెట్టె ఇచ్చాడు. పేటలో ఆడవాళ్ళంతా చూస్తుండగా కొత్తకోడలు దీపం ముట్టించింది. ఆ పొద్దు ఆమె నడిచిన నడక ఇంకా నా కళ్ళల్లో ఉంది. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు. ఆ తర్వాత ఎవరు ఏం మెచ్చుకున్నా, ఎవరి రొట్టె బాగా పొంగినా ఆ మెడ అటు తిరిగేది. మెచ్చుకోలు తనకు కాకపోతే ఆమెకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ముసలాయన పోయాడు. మనవడు పుడితే తాత పేరు పెట్టాలని అత్త సుంకులమ్మ ఆశ. ఏళ్ళు గడిచినా వరమ్మకు కడుపు పండలేదు. ఎవరూ ఎదురుగా ఏమీ అనలేదు, ఎందుకంటే అనేవాళ్ళ రొట్టెలు శుక్రవారం సాయంత్రం ఆమె చేతిలో ఉంటాయి.

అప్పుడు మరిది ఏసేపుకు నంద్యాల దిక్కు నుంచి విశ్వాసమ్మను చేసుకొచ్చారు. మెత్తటి మనిషి, మెల్లగా మాట్లాడేది. పాట మాత్రం ఎత్తుకుందంటే మందిరమంతా ఆమె వైపే చూసేది. వరమ్మ మెడ తిరిగింది. ఒక శుక్రవారం విశ్వాసమ్మ పిండి ఇంకా పిసుకుతూనే ఉంది. కొట్టం కప్పు మీద ఎండ ఉండగానే వరమ్మ పోయి దీపం వెలిగించేసింది. పేటంతా పొయ్యిలార్పి లబోదిబోమన్నారు. మరునాడు మేమందరం పచ్చిపిండి వాసన వేసే రొట్టెలే తిన్నాం. నేనూ తిన్నాను. అయినా ఆమె పక్షమే.

పెళ్ళయిన ఏడాదికే విశ్వాసమ్మ నీళ్ళోసుకుంది. వరమ్మ ఉడికిపోయింది. బయటికి చెప్పుకోలేదు గానీ, గిన్నెలు తోమే చప్పుడుకే మాకు గోడ ఇవతల అర్థమైపోయేది. సుంకులమ్మ చిన్నకోడలికి వెతికి వెతికి చింతకాయలు తెచ్చి పెట్టేది. తనకు ఒక్కనాడైనా అట్లా పెట్టలేదు గదా అని వరమ్మ ఏడుపు. పుట్టేది మగబిడ్డయితే వాడు లేవి అవుతాడు. దీపం లేవి ఇంటిది. అప్పుడు దాని మీద హక్కు లేవిని కన్నదానికా, పిల్లలు లేని తనకా? ఆ భయం ఆమెకు పగలంతా పక్కనే ఉండేది.

ఆ కాలంలోనే మందిరంలో వాక్యం చెప్పడానికి గాబ్రియేలు పంతులు వచ్చాడు. కర్నూలు రాజధాని అయ్యాక కోస్తా దిక్కు సర్కారు జిల్లాల మనుషులు మా వైపు రావడం ఎక్కువైంది, ఆయనా అట్లాగే వచ్చాడు. మంచివాడు, ఓపిక గలవాడు. మాట మాత్రం మాకు వింత. మేము మామ అంటే ఆయన మావ అనేవాడు. చీమను చీవ అనేవాడు. మాలో చదువొచ్చినవాళ్ళు లేరు కాబట్టి ఆయన ప్రతి శనివారం ఒక మాట చెప్పి, అందరి చేత పదేపదే పలికించేవాడు. వారమంతా పనుల్లో దాన్ని తలుచుకొని, మళ్ళీ శనివారం అప్పజెప్పాలి. దాన్ని వారంమాట అనేవాళ్ళం.

విశ్వాసమ్మ కడుపు ఎత్తుగా కనబడుతున్న రోజుల్లో ఒక శనివారం ఆయన చెప్పిన వారంమాట ఇది: "దేవుడు కాసే ఇంట లేవి కలగదు."

కలగడు అనక కలగదు అన్నాడేమని మేము అనుకోలేదు, ఆయన మాటే వింత గదా. ఆడవాళ్ళ చూపులు విశ్వాసమ్మ కడుపు మీద పడ్డాయి. సుంకులమ్మ ముఖం మాడిపోయింది. వాక్యం చెప్పేవాణ్ణి ఎదురడిగే అలవాటు మాకు లేదు. పంతులు రెండోసారి పలికించాడు, పలికాం. మూడోసారి అందరికంటే గట్టిగా పలికింది వరమ్మ.

ఆ వారమంతా ఆమెకు పండగే. మనసులో ఉన్నదే దేవుడు పంతులు నోట పలికించాడని నమ్మింది. లేవి పుట్టడు. దీపం ఎక్కడికీ పోదు. వేరుశనగ చేనులో కలుపు తీస్తూ రాగం కట్టి పాడింది, మిగతా ఆడవాళ్ళ చేత పాడించింది. నీళ్ళు చేదుతూ పాడింది. ఇంట్లో తోడికోడలి ముందు మరీ పాడింది.

"అక్కా, ఆ మాట నా ముందర అనొద్దక్కా. నాకు బయమైతాంది" అని విశ్వాసమ్మ గొంతు గోడ అవతల వినబడింది.

"నేనేమన్నా కల్పించి చెప్తాండానా? పంతులు చెప్పిందే చెప్తాండా. వాక్యం వద్దంటావా నువ్వు?"

"కలగదంటే ఏమక్కా? ఆడపిల్ల పుడతాదనా, బిడ్డే దక్కదనా?"

వరమ్మ చేతిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. విశ్వాసమ్మ ఆ వారం సరిగా తినలేదు, కళ్ళు గుంటలు పడ్డాయి.

మళ్ళీ శనివారం వచ్చింది. అందరం కలిసి వారంమాట అప్పజెప్పాం. పంతులుకు సంతోషమైంది.

"బాగా వచ్చిందమ్మా మీకు. దీని అర్థం ఎవరు చెప్తారు?" అన్నాడు.

వరమ్మ లేచి నిలబడింది. "మా ఇంట్లో లేవి పుట్టడని. దేవుడే చెప్పినాడు."

"లేవి ఎవరమ్మా?"

"మా మామ."

"మీ మావ సంగతి ఎందుకొచ్చిందమ్మా మధ్యలో? నేను చెప్పింది లేవి."

"మేమూ అదే అంటాండాము గదా, లేవి అని."

"లేవి కాదమ్మా, లేవి!" పంతులుకు చెమటలు పట్టాయి. చేతులు తిప్పాడు, కడుపు చూపించాడు. "ఇంట్లో తినటానికి గింజ లేకపోవటం, కట్టుకోటానికి గుడ్డ లేకపోవటం. అదమ్మా లేవి!"

ముందుగా సుంకులమ్మకు తట్టింది.

"ఓయప్పా, లేమా! నోరు మూసి తెరిచి లేమి అను నాయనా, లేమి!"

"అదేనమ్మా నేనూ అంటున్నాను, లేవి" అన్నాడు పంతులు.

ఆ నవ్వు ఇంతా అంతా కాదు. మగవాళ్ళు గోడకు ఆనుకొని నవ్వారు. విశ్వాసమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. దేవుడు చూసుకునే ఇంట్లో కరువు ఉండదని ఆయన చెప్పిన చల్లని మాటను వారం పొడుగునా మేము శాపనార్థంలాగా పాడుకున్నాం. నవ్వనిది ఒక్క వరమ్మే. నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. కూర్చోవాలని కూడా ఆమెకు తెలియలేదు.

సుంకులమ్మ నవ్వు ఆపి ఆమె వైపు తిరిగింది. "వారమంతా దాని చెవి దగ్గర పాడితివి గదే! కడుపుతో ఉన్న పిల్ల అని కూడా చూడకపోతివి. లేవి పుట్టనీ. బాలింత లేచి తిరిగేనాటికి దీపం దానికే ఇస్తా. అందరూ వినండి." అందరూ విన్నారు.

చలికాలంలో మగబిడ్డ పుట్టాడు. లేవి అని పేరు పెట్టారు. వరమ్మ ఆ పేరు నోట పలకలేదు, వీడు అనేది. కాన్పు తర్వాత విశ్వాసమ్మకు జ్వరం పట్టుకుంది. పాలు రాలేదు, బిడ్డను ఎత్తుకునే సత్తువ లేదు. సుంకులమ్మకు అప్పటికే చూపు మందగించింది. ఇక మిగిలింది వరమ్మ.

"నాకేం పనిపాటలు లేవా" అంటూనే ఎత్తుకుంది. మేకపాలు కాచి, గుడ్డపీలిక ముంచి వాడి నోట పెట్టేది. వాడు ఏడిస్తే తిట్టేది. తిట్లలోనే ఏదో రాగం ఉండేదేమో, వాడు ఊరకుండేవాడు. చేనికి పోయినా సంకలోనే. కొంగున కట్టుకొని కలుపు తీసేది. దించి పెట్టు అని ఎవరైనా అంటే చీమలున్నాయి అనేది, చీమలు లేని చోట కూడా.

విశ్వాసమ్మ జ్వరం నిదానంగా తగ్గింది. పాలు కూడా పడ్డాయి. బిడ్డను తీసుకుంది. వాడు పాలు తాగేవాడు, తాగినంతసేపే. తర్వాత గుక్క పట్టేవాడు. తల్లి ఎంత మంచి పాట పాడినా వినేవాడు కాదు. వాకిట్లో వరమ్మ కోళ్ళను అదిలిస్తే చాలు, ఏడుపు ఆపి అటు తల తిప్పేవాడు. ఇదంతా గోడ ఇవతల నుంచి మేము వింటూనే ఉన్నాం. ఇప్పుడు గిన్నెలు విశ్వాసమ్మ తోమేది, చప్పుడు మాత్రం మాకు పాతదే.

బాలింత బయటికి వచ్చిన మొదటి శుక్రవారం పేటలో ఆడవాళ్ళంతా పెందలాడే రొట్టెలు కాల్చుకొని మందిరం ముందుకు చేరారు. ఇలాంటిది చూడకుండా ఎవరుంటారు! వరమ్మ ముందే వచ్చి గూడు అలికి, ఆముదం పోసి, కొత్త వత్తి వేసి పెట్టింది. ముఖం గట్టిగా పెట్టుకుంది. అగ్గిపెట్టె తోడికోడలి ముందుకు చాచింది.

"పట్టు."

విశ్వాసమ్మ పట్టలేదు. సంకలో పిల్లవాడు గుక్క పట్టి ఏడుస్తున్నాడు. "నువ్వే ముట్టియ్యక్కా" అంది.

"నీ బిచ్చం నాకేంటికి?"

"బిచ్చం కాదక్కా, కుళ్ళు!" విశ్వాసమ్మ అంత గట్టిగా మాట్లాడటం మేమెవరం అంతకుముందు వినలేదు. "కుళ్ళు నీకొక్కదానికే ఉంటాదనుకున్నావా? కన్నది నేను. నా సంకలో ఏడుస్తాడు, నీ గొంతు ఇంటే గమ్మునుంటాడు. నాకు ఒళ్ళంతా మండిపోతాంది. దీపం నువ్వే ఉంచుకో. మా అత్తకు నేను చెప్పుకుంటా. మళ్ళీ వీన్ని మాత్రం ఎత్తుకోవద్దు."

పొద్దు కొండ మీదికి వాలిపోయింది. వరమ్మ గూట్లోని దీపం వైపు చూసింది. ఆమె మెడ అటు తిరిగి కాసేపు అట్లాగే ఉంది. కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచి తనదైనది అదొక్కటే. ఇప్పుడు పేటంతా చూస్తుండగా దాన్ని ఉంచుకొమ్మని బతిమాలుతున్నారు. ఒక్క తల ఊపితే చాలు.

వరమ్మ అగ్గిపెట్టెను తోడికోడలి పిడికిట్లో కుక్కింది. రెండో చేత్తో పిల్లవాణ్ణి లాక్కున్నట్టుగా తీసుకొని భుజాన వేసుకుంది.

"ఏమప్పా లేవీ, ఏమైంది నీకు?" అంది.

ఏడుపు ఆగింది. పిల్లవాడు ఆమె మెడలో ముఖం దూర్చాడు.

విశ్వాసమ్మ పుల్ల గీసింది. ఆమె కళ్ళు వత్తి మీద లేవు, వరమ్మ భుజం మీద ఉన్నాయి. పుల్ల కాలి వేలు చురుక్కుమనేదాకా తెలియలేదు. ఇంకొకటి గీసింది. అదీ అంతే. వెనకాల ఆడవాళ్ళు చీకటి పడుతోందని గొణిగారు.

వరమ్మ పిల్లవాడి వీపు నిమురుతూ, వెనక్కి తిరగకుండానే అంది: "దీపం చూసి ముట్టియ్యవే. వాడు యాడికీ పోడులే."