టోను మీద అనుమానం

మా బాబాయ్ దేన్నీ నమ్మడు. లిఫ్టులో మూడో అంతస్తు అంకె వెలిగి తలుపు తెరుచుకున్నా, ముందు తల బయటపెట్టి చూసుకుంటే గానీ అడుగు వేయడు. భార్య “కూరలో ఉప్పు సరిపోయిందా?” అంటే “దేంతో పోలిస్తే?” అంటాడు. విసుగొచ్చి ఆవిడ అడగడం మానేసింది. ఎందుకు మానేసిందా అని ఆయనకు ఇంకో అనుమానం.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆ టీవీ స్టేషనులో అందరికీ ఆయన బాబాయే. పాత వీడియో టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆయన పని, ఎక్కినవాటిని కత్తిరించి అతకడం నా పని. ఒకే గది, పక్కపక్క కుర్చీలు.

ప్రతి టేపు మొదట్లో రంగుల చారలు కనిపిస్తూ “కూ...” అని ఒకే తీరున ఒక మోత వినిపిస్తుంది. దాన్నే టోను అంటారు. అది మీటరులో మైనస్ ఇరవై గీత మీద నిలిచేలా సరిచేసుకుంటే, వెనక వచ్చే మాటలూ పాటలూ ఉండాల్సినంత గట్టిగా ఉంటాయి. మామూలు మనిషికి నిమిషం పని. బాబాయ్‌కి ఒక పూట.

“డబ్బా మీద మైనస్ ఇరవై అని రాసే ఉంది కదా బాబాయ్?”

“రాసినవాడు నీకు తెలుసా?”

“తెలీదు.”

“మరెందుకు వెనకేసుకొస్తావ్?”

టోనును మీటరుతో చూసేవాడు. ఆ మీటరును ఇంకో మీటరుతో చూసేవాడు. రెండూ ఒకే మాట చెబితే “కూడబలుక్కున్నాయి” అనేవాడు.

ఇలా ఉండగా, ఒకప్పుడు మా స్టేషనులో వార్తలు చదివిన పెద్దావిడను మళ్లీ పిలిపించారు. ఆవిడ గొంతు వినిపిస్తే ఇళ్లలో పోట్లాటలు కాసేపు వాయిదా పడేవట. పాత కార్యక్రమాలు చూసి, వాటిని ఈ తరం ప్రేక్షకులకు పరిచయం చేయాలి. భర్త పోయాక గడప దాటని మనిషి, పిలుపు రాగానే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేసింది.

మా ప్రొడ్యూసరు నన్నూ బాబాయ్‌నీ పక్కకు పిలిచింది. “ఆవిడకు సరిగా వినిపిస్తున్నట్టు లేదు. ఇవాళ కూర్చోబెట్టి చూస్తాను. కష్టమైతే ఇంకెవరినైనా పెట్టుకుందాం.”

బాబాయ్ మొహం చిట్లించాడు. అనుమానం తన సొత్తు కదా.

టేపు మొదలైంది. టోను గీత మీద ఉలక్కుండా నిలబడింది. పాట వచ్చింది. పెద్దావిడ కాసేపు ముందుకు వంగి చూసి, “బాబూ, కాస్త గట్టిగా పెడతావా?” అంది.

వెనక ప్రొడ్యూసరు తల ఎత్తింది.

“గట్టిగా పెట్టడం కాదమ్మా, అసలు టోనే తప్పు!” అన్నాడు బాబాయ్. “నాకు మొదట్నుంచీ అనుమానమే.” స్పీకరు పెంచాడు. ఇంకా పెంచాడు. అద్దాల తలుపు దడదడలాడింది.

“నాకు ఇందాకే బాగా వినిపించిందే!” అని అరిచింది ప్రొడ్యూసరు చెవులు మూసుకుని.

“మీరు స్పీకరు పక్కన కూర్చున్నారు మేడమ్. ఈ పాత టేపులన్నీ ఇంతే, ఒక్కదాన్నీ నమ్మలేం.”

బాబాయ్ అనుమానాలతో వాదించి గెలిచినవాళ్లు మా స్టేషనులో లేరు. ప్రొడ్యూసరు తలపోటు మాత్ర వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

నడవాలో ఆయన్ని పట్టుకున్నాను. “టోను సరిగ్గానే ఉందిగా?”

“ఉంది. రికార్డయ్యేదాన్ని ముట్టుకోలేదు, గదిలో స్పీకరే పెంచాను.”

“మరి తప్పన్నావేం?”

“టేపును అంటే టేపు ఏడుస్తుందా?”

తర్వాత ఆయనే పెద్దావిడ దగ్గరకు వెళ్లాడు. “అమ్మా, నాకు మీ చెవుల మీద కాస్త అనుమానంగా ఉంది. మీరేమీ అనుకోకండి, నాకు అన్నిటి మీదా ఉంటుంది.”

ఆవిడ ఏమీ అనుకోలేదు. నవ్వేసింది. మర్నాడు చెవుల డాక్టరు దగ్గరకు బాబాయే వెంటపెట్టుకు వెళ్లాడు. అక్కడ జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది.

“చెవులకు అవేవో తగిలించి, ‘కూ అని వినిపిస్తే వేలెత్తండి’ అన్నాడమ్మా డాక్టరు. నేను అవి తీసేసి లేచిపోయా. మీ బాబాయేమో ‘ఆ కూ సరైనదేనా? ఎప్పుడు సరిచూశారు? ముందు నాకు పెట్టండి’ అని తానే కూర్చున్నాడు.”

“ఆ తర్వాత?”

“‘మీకు కుడి చెవి మందం’ అన్నాడు డాక్టరు. ‘మిషన్ తప్పు’ అన్నాడు మీవాడు. ఆ పోట్లాట చూస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. వాళ్లది తేలేలా లేదని, ఆయన్ని లేపి నేనే వెళ్లి కూర్చున్నా.”

తర్వాతి టేపుకు ఆవిడ చెవి వెనక చిన్న మిషను పెట్టుకుని వచ్చింది. ప్రొడ్యూసరు మళ్లీ వెనకే కూర్చుంది. పాట మొదలవగానే పెద్దావిడ ఉలిక్కిపడి, “బాబూ, కాస్త తగ్గిస్తావా? చెవులు గింగురుమంటున్నాయి” అంది.

బాబాయ్ కదల్లేదు, మెదల్లేదు. ఆవిడ కూర్చున్నది ఆయనకు కుడివైపు.

పెద్దావిడ ఒకసారి ప్రొడ్యూసరు వైపు చూసింది. చీర సర్దుకుంటూ లేచి, ఏమీ ఎరగనట్టు కుర్చీని ఆయనకు ఎడమవైపుకు జరుపుకుంది. నెమ్మదిగా, వార్తలు చదివినంత స్పష్టంగా, మళ్లీ చెప్పింది.