నీళ్ళు తొణకని బండి

మొన్న ఆదివారం మా మనవడు, అంటే మా పెద్దమ్మాయి కొడుకు, సత్తుపల్లి బొగ్గు గనిలో నౌకరీ చేస్తున్నవాడు, కొత్త మోటారు సైకిలు ఒకటి వేసుకొని వచ్చాడు. అది ఊళ్ళో తిరిగే బండి కాదు. బురదలో, గుట్టల్లో, అడవి దారుల్లో తోలడానికే చేసిన బండి. నిలబెడితే మేకపోతులా పొగరుగా తల ఎత్తుకొని ఉంది. వాకిట్లో దాని మీద ఎక్కి కూర్చొని, నా చేతికి టేపు ఇచ్చి, వెనక చక్రం ఇరుసు నుంచి సీటు అంచు దాకా ఎంతుందో చూడమన్నాడు. మనిషి ఎక్కితే బండి ఎంత దిగుతుందో కొలిచి, దాన్నిబట్టి స్ప్రింగు బిగించుకోవాలట. నేను టేపు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను.

"ఏందమ్మమ్మా, అంకెలు మర్చిపోయినవా?" అన్నాడు.

"మీ తాత టేపు పెట్టి కొలవలేదు బిడ్డా. నన్ను పెట్టి కొలిచిండు" అన్నాను.

వాడు నవ్వాడు. నాకు మాత్రం ఆ పూటంతా కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి దగ్గరికి పోతాను, మళ్ళీ వాకిట్లోకి వస్తాను, ఆ బండి వెనక స్ప్రింగును చూస్తాను, మళ్ళీ లోపలికి పోతాను. నాకు పెద్ద చదువేమీ లేదు, రాయడం కూడా ఈ మధ్యనే అలవాటు చేసుకున్నాను; కానీ మన ఈడు వాళ్ళు చదువుతారంటే చెప్పాలనిపించింది.

మా ఊరు చండ్రుగొండ రోడ్డు నుంచి అడవిలోకి పోయే బాటలో ఉంటుంది. బాట అంటే అప్పట్లో ఎడ్లబండ్ల చక్రాలు పోయిన గాడి, మధ్యలో గడ్డి, అంతే. మా ఆయన మా ఇంటి ముందు తాటాకు పందిరి కింద మోటారు సైకిళ్ళు బాగు చేసేవాడు. లోపలి గూడేల వాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు సంతకు తెచ్చుకోవడానికి పాత బండ్లు కొనుక్కొని, ఆ రాళ్ళ దారికి పనికొచ్చేటట్టు చెయ్యమని మా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకొని, మా ఆయనతో మాత్రం చేతులతో చూపించి చెప్పేవాళ్ళు, ఇక్కడ ఇట్లా ఎగురుతోంది, అక్కడ అట్లా తగులుతోంది అని. ఆయన నిమ్మళంగా కూర్చొనే మనిషి కాదు. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకొని బండి చుట్టూ తిరుగుతూ తినేవాడు, ఒక ముద్ద నోట్లో పెట్టుకోవడం, ఎడమ మోచేత్తో సీటును ఒకసారి నొక్కి చూడడం. మా అత్త ఆ కంచం వెంట తిరగలేక, తనకు పుట్టింది కొడుకు కాదు బొంగరం అనేది.

ఆ రోజుల్లోనే మా చెల్లి కడుపుతో ఉండి మా ఇంటికి వచ్చింది. మా అమ్మ లేదు కనుక దానికి పుట్టిల్లన్నా మా ఇల్లే. దాని మొగుడు లారీ డ్రైవరు, ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటాడో ఆయనకే తెలియదు. మొదటి కాన్పుకు నొప్పులు మొదలయ్యాక ట్రాక్టరు తొట్టిలో రాళ్ళ మీద ఎత్తేసుకుంటూ తీసుకుపోతే, దవాఖానా చేరేసరికి బిడ్డ దక్కలేదు. కుదుపుల వల్లనే అని డాక్టరమ్మ అనలేదు; కానీ చెల్లి మనసులో అదే నాటుకుంది. ఈసారి ముందుగానే వచ్చి కొత్తగూడెంలో ఉండమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఇంటి దగ్గర కాన్పు అయితే తల్లికే ప్రమాదమని కూడా చెప్పింది. చెల్లి వినలేదు. ఏ బండీ ఎక్కను, ఇక్కడే కంటాను, పోతే ఇద్దరం పోతాం అని గోడకు ఆనుకొని కూర్చుంది. రోజులు దగ్గర పడుతున్నాయి, పైన మబ్బులు కమ్ముతున్నాయి, వాగు వస్తే ట్రాక్టరు కూడా దాటదు.

మా ఆయనకూ చెల్లికీ ఎప్పుడూ వేళాకోళమే. తన బండి మీద వస్తే పూలపల్లకీలో పోయినట్టు ఉంటుందని ఆయన అంటే, అది వెంటనే అందుకుంది.

"నీ బండి మీద చింతపండుకే దిక్కు లేదు బావా. మొన్న బస్తా పిగిలి దారంత గింజలు పడ్డయ్."

"మంచిగ చేస్త పిల్లా. చేస్తే ఎక్కుతవా?"

"బిందె నిండ నీళ్ళు ఒళ్ళో పెట్టుకొని అక్క కూసోవాలె. రోడ్డు దాక పోయి రావాలె. తొణకకుండ వస్తే అప్పుడు చూద్దాం."

నిండుబిందె ఎవరు మోసినా తొణుకుతుందని మా అత్త తీర్పు చెప్పి, మెడ దాకానే నీళ్ళు పొయ్యమంది. అట్లా ఒప్పందం అయింది. ఇంకో సంగతి, నేను సన్నగా ఉండేదాన్ని, చెల్లిది పుష్టి అయిన ఒళ్ళు. నేనూ నీళ్ళ బిందే కలిస్తే దాని బరువుకు దాదాపు సరిపోయేది. అందుకని మా ఆయనకు కొలబద్ద నేనే అయ్యాను.

మొదటి రోజే నా నడుము విరిగినంత పని అయింది. ఆ బండి బస్తాలకు కుదిర్చింది. వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే షాకబ్జర్ల స్ప్రింగులు పై మెట్టు దాకా బిగించి ఉన్నాయి. రెండు బస్తాలు వేస్తే సరిగ్గా అణిగేవి, నన్నూ బిందెనూ వేస్తే కర్రలా నిలబడి ప్రతి గులకరాయినీ నా వెన్నుకు చెప్పేవి. ఇంటికి వచ్చేసరికి బిందెలో సగం లేదు. చెల్లి నా చీర కుచ్చిళ్ళు పట్టి చూసి, చెంబుతో చల్లినట్టు తడిసిందని లోపలికి పోయింది. మరునాడు ఆయన స్ప్రింగులు పూర్తిగా వదులు చేశాడు. మట్టి దారి మీద ఎంత సుఖంగా పోయిందో, నాకు నిద్ర వచ్చినంత పని అయింది. కానీ రాళ్ళ దిగుడు దగ్గర షాకులు అడుగంటా అణిగి టక్కుమని తగిలేసరికి బిందెలో నీళ్ళు లేచి ఆయన వీపు మీద పడ్డాయి. ఇద్దరం తడిసి ఇంటికి వస్తే, వాన మీకే పడిందా అని చెల్లి అడిగింది.

మెత్తగా చేస్తే కుదుపు పోతుందని మేమందరం అనుకున్నాం. ఆయన పందిరి కింద సీటును రెండు చేతులా నొక్కి వదిలి, నొక్కి వదిలి, చూసి చూసి చెప్పాడు, అణగడంలో లేదు తప్పు, లేవడంలో ఉంది అని. అణిగిన స్ప్రింగు ఒక్కసారిగా తన్ని లేస్తోంది, ఆ తన్నుకే నీళ్ళు ఎగురుతున్నాయి. పాత షాకుల్లో లోపలి ఆయిలు కారిపోయి దాన్ని ఆపే దిక్కు లేదు. ఇక ఆయన పాత సామాను కొట్ల మీద పడ్డాడు. కొత్తగూడెం పోయాడు, ఖమ్మం పోయాడు, పొద్దున పోయి సాయంత్రానికి గ్రీజు చేతులతో వచ్చేవాడు. ఒక జత తెస్తే పొడవెక్కువై బండి వెనక భాగం పైకి లేచి కూర్చుంది. ఇంకో జత పొడవు సరిపోయింది కానీ గట్టి. చివరికి ఏదో పెద్ద బండివి షాకులు తెచ్చి, వాటి స్ప్రింగులు తీసేసి వేరే వాటివి ఎక్కించాడు. నొక్కి వదిలితే అవి ముసలావిడ మంచం మీంచి లేచినట్టు నెమ్మదిగా లేచాయి. చెల్లి కిటికీలోంచి చూస్తోందని నాకు తెలుసు, చూడనట్టు తల తిప్పుకుంది.

అప్పుడు ముందు చక్రం పేచీ పెట్టింది. ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే గొట్టాల్లో, అదే ఫోర్కుల్లో, చిక్కటి ఆయిలు పోస్తే ఒక్క రాయికి బాగానే ఉంది, వరసగా రాళ్ళు వస్తే మాత్రం ఒకదాని నుంచి లేవకముందే ఇంకోటి తగిలి, బండి ముక్కు కిందికి కిందికి కుంగిపోయేది. పలచటిది పోస్తే ఎగిరేది. రెండూ కలిపి పోశాడు. మళ్ళీ నేనూ బిందే. నన్ను చూసి కల్లుగీతకు పోయేవాళ్ళు, "ఏందక్కా, ఇంట్ల బాయి ఎండిందా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. సిగ్గు కూడా పోయింది నాకు. రాత్రి పడుకున్నా ఒళ్ళు ఊగుతూనే ఉండేది, చెల్లి పక్కన దొర్లుతూనే ఉండేది, వాకిట్లో ఆయన పానా చప్పుడు వినబడుతూనే ఉండేది. ఆ ఇంట్లో నిమ్మళంగా ఉన్నది బిందె ఒక్కటే.

ఒకరోజు పోయొచ్చాక చెల్లి నా చీర అంతా తడిమి చూసింది. మోకాలి దగ్గర నాలుగు చుక్కల తడి. పోయి తన బట్టల మూట కట్టుకుంది. తెల్లారి పోదామనుకున్నాం. తెల్లారేసరికి నొప్పులే వచ్చాయి.

బండి బయటికి తీశాడు. చెల్లిని ఎక్కించాం. బండి ఎంత దిగాలో అంతే దిగింది, ఆయన వంగి చూసి తల ఊపాడు. అప్పుడు మా అత్త గడపలోంచి కేకేసింది.

"అరేయ్, నొప్పులొస్తున్న పిల్లను ఒక్కదాన్నే ఎక్కిచ్చుకొని పోతవా? ఆడమనిషి తోడు వద్దా?"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళూ చెల్లి బదులు నేను కూర్చున్నాను, చెల్లితోపాటు నేనూ కూర్చోవాలని ఒక్కరికీ తోచలేదు. కాన్పుకు పోయే మనిషి వెనక ఆడతోడు లేకుండా మా దగ్గర ఎవరూ గడప దాటరు, అది అందరికీ తెలుసు, తెలిసే మర్చిపోయాం. నేను వెనక ఎక్కాను. బండి కుంగింది. ఆయన స్ప్రింగులను బిగించే రింగులు పై మెట్టుకు తిప్పాడు. మట్టి దారి వరకు నడిచింది కానీ, మొదటి రాళ్ళ దగ్గరే షాకులు టక్కుమని అడుగంటాయి. చెల్లి ఆయన భుజం పట్టుకుంది.

"ఆపు బావా. నన్ను దించు. ఇంటికి పోత."

దాని మొహంలో మొదటి కాన్పు నాటి మొహం కనబడింది నాకు. ఇప్పుడు దిగితే మళ్ళీ ఎక్కదు. అది దిగకముందే నేను దిగాను. "నువ్వు కూసో. నేను నడిచొస్త" అన్నాను. ఆయన కింద కూర్చొని రింగులు మళ్ళీ పాత మెట్టుకు తిప్పాడు, తొందరలో పానా జారి వేళ్ళు కొట్టుకుపోయాయి, చూసుకోలేదు.

అట్లా పోయాం. రాళ్ళు వస్తే నేను దిగి వెనక పరుగెత్తడం, మెత్తటి ఇసుక నేల వస్తే వాళ్ళు ఆగడం, నేను ఎక్కడం. ముందు బండి, ఆయన వీపు, దాని వెనక చెల్లి వీపు. రాళ్ళ మీద చక్రాలు పైకీ కిందికీ ఆడుతుంటే చెల్లి నడుము మాత్రం పడవలో కూర్చున్నట్టు నిదానంగా కదిలింది. నేను పరుగెత్తుతూ దాని నడుమునే చూశాను. అది ఒక్కసారైనా ఎగరలేదు. వాగులో మోకాలి లోతు నీళ్ళు, అవీ దాటాం. రోడ్డెక్కాక జీపు దొరికింది, కొత్తగూడెం చేరాం. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. చెల్లి ఆ ఏడుపు విని, నా వైపు తిరిగి, "అక్కా, నీ చెప్పులేయి? కాళ్ళు చూసుకో" అంది. చెప్పులు ఎక్కడ పోయాయో నాకు ఈనాటికీ తెలియదు.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ దారి తారు రోడ్డయింది, వాగు మీద వంతెన పడింది, నొప్పులొస్తే ఫోను చేస్తే ఇంటి ముందుకు బండి వస్తుంది. మంచిదే, ఎవరూ నాలాగా పరుగెత్తనక్కర లేదు. ఈ మధ్య చెల్లి కూతురు, ఇప్పుడు టీచరు, తన కారులో మా ఇద్దరినీ ఆ దారినే తీసుకొచ్చింది. నేను అద్దంలోంచి బయటికే చూస్తున్నాను, నేను మొదట దిగిన రాళ్ళు ఎక్కడ అని. గుర్తు పట్టలేకపోయాను, రోడ్డు వేసినప్పుడే పగలగొట్టి కంకర చేసి ఉంటారు. ఏం చూస్తున్నవ్ పెద్దమ్మా అని ఆ పిల్ల అడిగింది. చెప్పాలని చెల్లి వైపు తిరిగాను. చెల్లి సీటుకు తల ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. ఏం లేదు, పోనియ్ అన్నాను.