డాబాల మీది కేకలు

పురానాపూల్ మీంచి తీసిన ఈ మూసీ ఫోటో చూశారా, మసీదు మినార్, గుడి గోపురం రెండూ పడ్డాయి! కింద కామెంట్లలో మినార్ మాది, గోపురం మాది అని ఒకటే కొట్లాట. నాకు మాత్రం మా పాత డాబా గుర్తొచ్చి గంతులేయాలనిపించింది!

మా డాబా మీంచి మినార్ ఒక్కటే కనబడేది. గోడ అవతల రజియా వాళ్ళకు గుడి గోపురం ఒక్కటే. రంజాన్‌లో మినార్ లైటు వెలగగానే "రజియా, లైటు పడ్డదే!" అని నేను కేకేస్తేనే వాళ్ళింట్లో ఖర్జూరాలు నోట్లోకి వెళ్ళేవి. కార్తీకంలో గుడి మీద ఆకాశదీపం పైకెక్కగానే "లక్ష్మీ, దీపమెక్కిందే!" అని రజియా అరిస్తేనే మా అమ్మ ఉపవాసం విడిచేది. గుర్తున్నాయా రజియా, ఆ కేకలు!

ఇప్పుడే రజియా కామెంట్ పెట్టింది: "ఏందిరా గీ లొల్లి? గోపురం నాది, మినార్ మా లక్ష్మిది. ఇగ నడువుండ్రి!"