పెదనాన్న తప్పు కొలతలు

మా వీధిలో కొలత తప్పి కుట్టే దర్జీ అంటే మా పెదనాన్నే. చొక్కా పొట్టిదైందనో, లాగు వదులైందనో ఏడాదికి పాతిక జతలు పాడుచేస్తాడని పేరు. ఎదురుగా చెప్పుల కొట్టాయన, "నలభై ఏళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నావు. ఎప్పటికొస్తుందయ్యా నీకు పని?" అని ఆటపట్టిస్తాడు. "తొందరేముంది బావా, నిదానంగా వస్తుంది" అంటూ పెదనాన్న మిషను తొక్కుతూనే ఉంటాడు.

ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయాక నేను వాళ్లింటికి వచ్చాను. మాట తక్కువైనవాళ్లకు చూపు ఎక్కువ. వచ్చిన నెలలోనే ఒకటి కనిపెట్టాను. బడి విడిచే వేళకు పెదనాన్న మిషను ఆపి గుమ్మంలో నిలబడతాడు. మోచేతి దగ్గర చొక్కా చిరిగినవాడినో, పొట్టిదైన గౌనుతో ముడుచుకుని నడిచేదాన్నో చూసి లోపలికొచ్చి, "ఛాతీ ఇరవై ఆరు, చెయ్యి పదిహేడు" అంటాడు. పెద్దమ్మ సుద్దముక్కతో గుడ్డ మీద గీస్తుంది. వారం తిరిగేసరికి ఆ పిల్లల ఇంటి తలుపు కొడుతుంది.

"మా ఆయన మళ్లీ కొలత తప్పాడమ్మా. కుట్టించుకున్నవాళ్లు మొహాన కొట్టి పోయారు. మీ వాడికి సరిపోతుందేమో చూడు. లేకపోతే మసిగుడ్డే" అని రుసరుసలాడుతూ ఇచ్చి వస్తుంది.

వాళ్ల పెళ్లయిన కొత్తలో ఒకావిడకు కూతురి కోసం చొక్కా ఉత్తినే ఇవ్వబోతే, "మేమేమన్నా అడుక్కున్నామా?" అని మడత విప్పకుండా తిప్పి పంపిందట. ఆ పిల్ల చలికాలమంతా చిరుగు చొక్కాతోనే తిరిగిందట. ఈ తప్పు కొలతలు అప్పటినుంచే.

పోయిన నెల ఆసుపత్రి పెద్ద నర్సు వచ్చింది. నర్సులందరికీ కొత్త దుస్తులు కుట్టించాలట. ఆ పని దొరికితే మా ఇంటికీ, పిల్లల గుడ్డకూ ఏడాది దిగులుండదు. కొట్లో అప్పటికే ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"మీకు కొలతలు రావని విన్నాను" అంది ఆవిడ.

పెదనాన్న తల గోక్కున్నాడు. "అప్పుడప్పుడూ తప్పుతుందండీ."

పెద్దమ్మ కాజాలు కుడుతూ తలెత్తలేదు. ఇద్దరూ ఆ పని వదులుకోవడానికి సిద్ధపడిపోయారు. నాకు కడుపు మండింది. నోట్లో నాలుక లేని పిల్లనని పేరున్నదాన్ని, "ఆయనకు టేపు కూడా అక్కర్లేదండీ. చూసి చెప్పేస్తారు" అనేశాను.

"అయితే చెప్పమనండి."

పెదనాన్న కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి ఆరు కొలతలు చెప్పాడు. ఆవిడ పెద్దమ్మ చేత టేపు పెట్టించుకుంది. ఒక్కటీ తప్పలేదు.

"నడుము ఒక అంగుళం తగ్గించి చెప్పాల్సింది" అని నవ్వి, పని మాకే ఇచ్చి వెళ్లింది.

కూర్చున్నవాళ్లలో ఒకామె మాత్రం నవ్వలేదు. వరసగా రెండేళ్లు ఆమె కొడుక్కి మా 'తప్పిన' చొక్కాలే అందాయి. పెదనాన్న వంకా, టేపు వంకా చూసి సంచి తీసుకుని లేచింది. "మరి మా వాడి చొక్కాలు..."

పెద్దమ్మ సూది ఆగిపోయింది. ఆ మాట పూర్తయితే ఇక ఏ తలుపూ మా బట్టలకు తెరుచుకోదు. నిర్వాకం నాదే.

"అవి నేను కోసినవి అక్కా" అన్నాను. "ఆయన సరిగ్గానే చెబుతారు. నాకే కత్తెర నిలవదు. నా పరువు పోతుందని ఆ తప్పు తన మీద వేసుకుంటారు."

"నువ్వొచ్చి ఎన్నాళ్లని? అంతకుముందో?"

"అంతకుముందు నేను కోసేదాన్ని" అంది పెద్దమ్మ తలెత్తకుండానే. "మా పుట్టింటి ఆడవాళ్లకు కత్తెర అచ్చిరాదు."

పెదనాన్న దగ్గు వచ్చినట్టు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె మా ముగ్గురినీ ఎగాదిగా చూసింది. సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వాడు ఈ ఏడు బాగా సాగాడు" అంది నాతో. "తప్పితే కాస్త పెద్దగా తప్పు."

మర్నాడు నేను వాడి చొక్కా చెయ్యి రెండంగుళాలు పొడుగ్గా గీస్తుంటే పెదనాన్న నా భుజం మీదుగా వంగి చూశాడు. "మూడు పెట్టవే. వాళ్ల నాన్న పొడగరి."