వంగిన మేకు

ఇరవై ఏళ్ల కిందట, ఆనందపురం బస్సులో నా సీటు చెక్క ఊడి ఊగుతోంది. పక్కనున్న పెద్దాయన జేబులోంచి మేకు తీసి, సొట్టలు పడ్డ టిఫిన్ క్యారేజీతో కొట్టాడు. మేకు వంగిపోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూసారా బాబూ! ఫారిన్ మేకు. ఇవి సవగ్గా దిగిపోయేకే మా మేకుల పేక్టరీ మూసీసారు. ఇప్పుడు నాను పోర్టులో ఈటి పెట్టెలే మోత్తన్నాను."

"మరి జేబులో ఎందుకు?"

"ఎలా ఒంగిపోతాదో అందరికీ సూపించడానికి."

"నా సీటో?"

ఆయన కాసేపు తటపటాయించి, రెండో జేబులోంచి ఇంకో మేకు తీశాడు. "మాది. ఆకర్రోజు తెచ్చుకున్నాను."

అది రెండు దెబ్బలకే తిన్నగా దిగింది. ఆయన చెక్కను ఊపి చూసి, నన్ను మర్యాదగా కూర్చోబెట్టాడు.

"జాగర్త బాబూ. మా పేక్టరీలో మిగిలిందల్లా ఇప్పుడు మీ కిందే ఉంది."